సహెయ్ ఎక్కిన పడవ

అషిజవా తొమోయె గొంతు మా దేశంలో ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లందరికీ తెలుసు. ముఖం మాత్రం ఎదురుగా వచ్చినా చాలామంది పోల్చుకోలేరు. 'మంచుపడవలు' అనే యానిమే బొమ్మల సీరియల్లో తామొన్ అనే పన్నెండేళ్ల పిల్లాడికి పద్నాలుగేళ్లుగా ఆమే గొంతు ఇస్తోంది. ఆమెకు నలభై ఎనిమిది. నేను ఆమె మేనేజర్ని, నా పేరు హిరుకావా. ఆమె మా ఏజెన్సీలో చేరినప్పటి నుంచీ ఆమె పనులు చూసేది నేనే.

తామొన్ అబద్ధం ఆడడు. తోడు వచ్చినవాడిని వదిలేసి ఒక్కడుగు ముందుకు వెయ్యడు. బడిపిల్లలకు రోడ్డు దాటే పద్ధతి నేర్పే పోస్టర్ల మీదా వాడే, రక్తదాన శిబిరాల దగ్గరా వాడే. దాంతో తొమోయె కూడా అలాంటి మనిషే అయి ఉండాలని జనం అనుకున్నారు. ఆమె కాదనలేదు. ఇంటర్వ్యూల్లో తక్కువ మాట్లాడేది, టైముకి వచ్చేది, ఎవరితోనూ గొడవ పెట్టుకునేది కాదు. నేనూ అలాగే అనుకున్నాను.

పోయిన నవంబరులో ఆ సిరీస్ కోసం ఒక క్విజ్ తయారుచేశారు. పది ప్రశ్నలకు జవాబులు నొక్కితే, పన్నెండు పాత్రల్లో నీ స్వభావం ఏ పాత్రకు దగ్గరో చెప్తుంది. వారం తిరక్కుండా లక్షల మంది ఆడారు. రైల్లో ఎక్కడ చూసినా ఇదే గోల. మా ఆఫీసులో పద్దులు రాసే ఆవిడకు ఓడను కాపాడే కుక్క వచ్చింది. ఆవిడ ఆ రోజంతా సంతోషంగా ఉంది.

ఆ నెలాఖరుకే చిబాలో ఒక పెద్ద హాల్లో అభిమానుల సభ పెట్టారు. గొంతులిచ్చిన ఐదుగురు నటులూ వేదిక మీద ఆ క్విజ్ ఆడాలి, ఎవరి పాత్ర వాళ్లకే రావాలి, జనం చప్పట్లు కొట్టాలి. అదీ ఏర్పాటు. ఏ ప్రశ్నకు ఏ మీట నొక్కాలో ముందే కాగితం మీద రాసిచ్చారు. తీరా సభ రోజు పొద్దున ఏర్పాట్లు చూసే కుమె అనే ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చి, ఆడిన ప్రతిసారీ ప్రశ్నల వరస మారిపోతోందనీ, ఆ కాగితం పనికిరాదనీ చెప్పింది.

"మీ పాత్ర అయితే ఏం చేస్తుందో అదే నొక్కండి, చాలు. ఇన్నేళ్లుగా చేస్తున్నారు, మీకు నేను చెప్పాలా" అంది.

నిజమే మరి. ముందు ముసలి పడవవాడికి గొంతిచ్చే మొగామి గారు ఆడారు. ఆయనకు డెబ్భై దాటాయి, కళ్లద్దాలు పైకీ కిందకీ జరుపుకుంటూ నొక్కారు. పడవవాడే వచ్చాడు. తర్వాత ముగ్గురికీ వాళ్లవాళ్ల పాత్రలే వచ్చాయి. ఆఖరున తొమోయె. నేను తెర పక్కన నిలబడి చూస్తున్నాను. ప్రశ్న వెనకాల పెద్ద తెర మీద కనిపిస్తుంది, ఆమె ఏం నొక్కిందో కనిపించదు.

ఆరో ప్రశ్న దాకా గబగబా నొక్కింది. ఏడోది వచ్చింది.

'ఇద్దరున్నారు. పడవలో ఒక్కరికే చోటుంది. రెండోవాడు నిద్రపోతున్నాడు. నువ్వేం చేస్తావు?'

లేపి చోటు వాడికే ఇవ్వడం, ఇద్దరూ వేరే దారి వెతుక్కోవడం, చీటీ వేసుకోవడం, ఎక్కి వెళ్లిపోవడం, ఇవీ జవాబులు. తామొన్ ఏం చేస్తాడో హాల్లో ఉన్న ఐదేళ్ల పిల్ల కూడా చెప్తుంది. తొమోయె మాత్రం ఆ ప్రశ్న వైపు చూస్తూ ఉండిపోయింది. సభ నడిపే అతను, పడవ వెళ్లిపోతోందండీ అని నవ్వించబోయాడు. ఆమె నొక్కింది. మిగతా మూడు ప్రశ్నలూ కూడా నిదానంగా చదివి నొక్కింది.

తెర మీద సహెయ్ బొమ్మ వచ్చింది.

సహెయ్ రెండో భాగంలో రెండే రెండు ఎపిసోడ్లలో కనిపిస్తాడు. మంచు అంచున తామొన్, సహెయ్ చిక్కుకుపోతారు. ఒక్క మనిషి పట్టే పడవ దొరుకుతుంది. తెల్లవారుతుండగా తామొన్ నిద్రలో ఉంటే సహెయ్ ఆ పడవెక్కి వెళ్లిపోతాడు. మళ్లీ కథలో కనిపించడు. పిల్లలు ఆటల్లో ఒకళ్లనొకళ్లు తిట్టుకోవాలంటే, సహెయ్‌గాడా అనుకుంటారు.

హాలు హాలంతా నవ్వింది. నడిపే అతను, యంత్రానికి సముద్రం పడినట్టు లేదు, వాంతి చేసుకుంది అన్నాడు. మళ్లీ నవ్వారు. తొమోయె మైకు తీసుకుంది.

"యంత్రం బాగానే ఉంది. నేను నొక్కిందే వచ్చింది" అంది.

అది తామొన్ గొంతు కాదు, ఆమె సొంత గొంతు. కొంచెం బొంగురుగా, మెల్లగా ఉంటుంది. అంతమందిలో ఆమె ఆ గొంతుతో మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. తర్వాత ఎప్పటిలాగే వంగి నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేసింది.

ఆ సాయంత్రానికే ఇంటర్నెట్‌లో రగడ మొదలైంది. భలే హాస్యం అన్నవాళ్లు కొందరు. తామొన్‌కి అవమానం అన్నవాళ్లు అంతకంటే ఎక్కువ. మా పిల్లాడు ఏడ్చాడని ఒక తల్లి రాసింది. సోమవారం నిర్మాతలు నన్ను పిలిచి, యంత్రంలో లోపం వల్ల తప్పు ఫలితం వచ్చిందని ఆమె పేరు మీద రెండు వాక్యాలు రాసుకు రమ్మన్నారు. నేను రాశాను. అదేమంత పెద్ద అబద్ధమని నాకు అనిపించలేదు. మా పనిలో అలాంటివి నెలకొకటి రాస్తాం.

తొమోయె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడతపెట్టి నాకే ఇచ్చేసింది.

"హిరుకావా గారూ, రేపు మీకు వీలవుతుందా? కారు తీసుకుని బోసో తీరం వైపు ఒక ఊరికి వెళ్లాలి."

ఎందుకని అడిగితే దారిలో చెప్తానంది.

దారిలో చెప్పింది. కిటికీలోంచి బయటికే చూస్తూ, ఎవరిదో కథ చెప్తున్నట్టు చెప్పింది.

ఇరవయ్యారేళ్ల కిందట తొమోయె, కజుయో అనే ఇంకో అమ్మాయి టోక్యోలో ఒకే బళ్లో గొంతు నటన నేర్చుకున్నారు. నెరిమా పేటలో నేలంతా చాపలు పరిచిన గది ఒకటి తీసుకుని మూడేళ్లు కలిసి ఉన్నారు. పొద్దున్నే ఇద్దరూ ఒకే భోజనాల దుకాణంలో అన్నం డబ్బాలు సర్దేవారు, సాయంత్రాలు పాఠాలు. కజుయోది చేపల రేవు. మాటలో ఆ యాస పోవట్లేదని గురువులు తిట్టేవారట, కానీ ఆమె నోరు తెరిస్తే క్లాసు క్లాసంతా రాయడం ఆపి వినేదట. తొమోయెకి అర్ధరాత్రి దాకా సాధన చేస్తే గాని రానిది కజుయోకి కూర కలుపుతూ వచ్చేసేదట.

ఇద్దరూ మా ఏజెన్సీ పరీక్షకు వచ్చారు. నలభై మందిలో చివరికి వాళ్లిద్దరే మిగిలారు. తీసుకునేది ఒక్కరినే. చివరి పరీక్ష మర్నాడు పదకొండింటికి, ఇద్దరూ రావాలి అని మేము వాళ్ల గదికి ఫోన్ చేశాం. కజుయో ఆ వేళ దుకాణంలో ఉంది. ఫోనెత్తింది తొమోయె. ఆ కబురు ఆమె కజుయోకి చెప్పలేదు. మర్నాడు, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పి ఒక్కతే వచ్చింది.

ఆ ఫోన్ చేసింది నేనే. ఆ రోజు ఒక్కతే వచ్చి, కజుయో తన ఊరికి వెళ్లిపోయిందని చెప్పిన అమ్మాయి నాకు గుర్తుంది. నమ్మకపోవడానికి నాకు కారణం లేదు. రెండో పేరు ఎదురుగా 'రాలేదు' అని రాసి ఫైలు మూసేశాను.

"మీకు చెప్పిన అబద్ధం తర్వాత నిజమైంది. నెల తిరక్కుండా నిజంగానే ఊరికి వెళ్లిపోయింది" అంది తొమోయె.

"ఆవిడకి తెలిసిందా?"

"తెలీదు. ఎప్పుడూ అడగలేదు. గది ఖాళీ చేస్తూ నా దుప్పటి కూడా ఉతికి ఆరేసి వెళ్లింది."

ఇప్పుడు ఎక్కడుందో ఎలా తెలుసని అడిగాను. తొమ్మిదేళ్ల కిందట ఒక కార్యక్రమం కోసం అటువైపు వెళ్లిందట. సాయంత్రం ఐదింటికి పురపాలక ఆఫీసువాళ్లు ఊళ్లో స్తంభాల మీద పెట్టించిన మైకుల్లోంచి, పిల్లలు ఇళ్లకు వెళ్లాలని ఒక ఆడగొంతు చెప్పింది. ఐదు మాటలకే పోల్చుకుంది. రోడ్డు పక్కన ఆగి చివరిదాకా విని, రైలెక్కి వచ్చేసింది. అప్పటినుంచీ ఆ ఊరు ఎక్కడుందో తెలుసు, వెళ్లడమే మిగిలింది.

మధ్యాహ్నం పన్నెండుకి ఆ ఊరి పురపాలక ఆఫీసు ముందు దిగాం. ముందుగా ఫోన్ చేసి ఉంటే కజుయో వద్దంటుందేమోనని తొమోయె భయం, అందుకని చెప్పకుండానే వచ్చాం. కిటికీ దగ్గర పేరు చెప్పాక కొద్దిసేపటికి ఒకావిడ లోపల్నుంచి వచ్చింది. పొట్టిగా, బలంగా ఉంది. మెడలో ఆఫీసు కార్డు, కాళ్లకు గుడ్డ చెప్పులు. తొమోయెని కింద నుంచి పైదాకా చూసింది.

"ఏటే, దారి తప్పొచ్చేవా?"

"నిన్ను చూడ్డానికే వచ్చానే."

"సర్లే. నాకిప్పుడు అన్నంవేళ. మళ్లీ ఒంటిగంటకి ఉండాల. నడువు."

రోడ్డవతల చిన్న భోజనశాలకు తీసుకెళ్లింది. అడగకుండానే ముగ్గురికీ వేయించిన అజి చేపలు, అన్నం, మిసో పులుసు చెప్పింది. నేను వేరే బల్ల దగ్గర కూర్చుంటానన్నాను. అక్కర్లేదు, కూర్చోండి అంది.

తొమోయె చేప ముట్టుకోలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆ ఫోన్ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. సాకులేమీ చెప్పలేదు. చిన్నతనం అనలేదు, భయమేసింది అనలేదు. నీ చోటు నేను తీసుకున్నాను, క్షమించమని అడిగే ముఖం లేక ఇన్నాళ్లూ రాలేదు అని చెప్పి తల వంచింది. కజుయో వింటూనే తిన్నది. చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టింది.

"నాకు తెలుసే" అంది.

తొమోయె తలెత్తింది.

"వారం పోయాక ఏ కబురూ లేదని నేనే ఆఫీసుకి ఫోన్ చేసేను. 'మీరు పరీక్షకి రాలేదు కదమ్మా' అని ఒకాయన చెప్పేడు." నా వైపు తిరిగింది. "మీరే కదా? ఇందాక వేరే బల్ల దగ్గర కూర్చుంటానన్నప్పుడు గుర్తుపట్టేను. మాట మొదలెట్టే ముందు ఊపిరి పీలుస్తారు మీరు."

నాకు ఆ ఫోన్ గుర్తు లేదు. అలాంటివి రోజుకి పది వచ్చేవి. గుర్తు లేదనే చెప్పి క్షమాపణ అడిగాను. మీరేం చేస్తారు, పాపం అంది.

"తెలిసి మరి నన్నెందుకు అడగలేదు?" అంది తొమోయె.

"అడిగితే నువ్వు అబద్ధం చెప్తావు. మూడేళ్లు ఒకే చాప మీద పడుకున్నాం. నీ నోట అబద్ధం వినడం నాకు ఇష్టంలేక వెళ్లిపోయేను. అంతే."

వంటింట్లో నూనె చిటపటలాడుతోంది. కజుయో పులుసు గిన్నె దించి, మామూలుగానే చెప్పింది. రెండేళ్లు చాలా కోపంగా ఉందట. టీవీలో తొమోయె గొంతు వినిపిస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదట. తర్వాత కొడుకు పుట్టాడు, వాడికి 'మంచుపడవలు' పిచ్చి పట్టుకుంది. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చూడక తప్పలేదు. చూస్తూ చూస్తూ అలవాటైపోయింది.

"ఆ ఎపిసోడు కూడా చూసేను. సహెయ్ పడవెక్కి పోతాడు, పొద్దున్న తామొన్ లేస్తాడు. పడవ లేదు. అరవడు, ఏడవడు. 'గాలి చల్లగా ఉంది' అంటాడు. ఆ మాట నువ్వు ఎవరి గొంతుతో చెప్పేవో నాకు తెలుసు."

తొమోయె ముట్టని పళ్లేన్ని పక్కకి జరిపింది.

ఆ రోజు రికార్డింగులో నేను ఉన్నాను. ఆ ఒక్క మాటకీ ఆమె ఏడుసార్లు ప్రయత్నించింది, దర్శకుడికి నచ్చలేదు. పది నిమిషాలు బయటికి వెళ్లి వచ్చి ఎనిమిదోసారి చెప్పింది. దర్శకుడు ఇంకోసారి చెప్పించలేదు. ఆ ఏడాది ఆమెకు బహుమతి తెచ్చిపెట్టిన మాట అది.

"నీదే" అంది తొమోయె. "నాకు ఎలా చెప్పినా రాలేదు. నువ్వైతే ఎలా అంటావో అనుకుని చెప్పేశాను. మాట చివర కొంచెం పైకి లేపుతావు కదా, అలా."

"అది మా రేవు యాస. అందుకే గదా గురువులు తిట్టీవోళ్లు." కజుయో మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "చోటు తీసుకున్నావంటే సరే. అది ఎవరో ఒకరికి దొరికీదే, నాకు దొరికీదో లేదో ఎవడికి తెలుసు. గొంతు మాత్రం నాది. అది అడక్కుండా తీసుకున్నావు. దానికి ఇంకా కోపంగానే ఉంది. పోయిందని అబద్ధం చెప్పను."

"చెప్పొద్దు" అంది తొమోయె.

అప్పుడు కజుయో ఫోన్ మోగింది. విని, బల్ల మీది కాగితం రుమాలు లాక్కుని నా దగ్గర పెన్ను అడిగి రాసుకుంది. ఎనభై రెండేళ్ల పెద్దాయన పొద్దున్నుంచి కనిపించడంలేదట. గోధుమరంగు కోటు, నల్ల రబ్బరు బూట్లు, చేతిలో ఖాళీ బకెట్టు. ఆమె అన్నం సగంలో వదిలి లేచింది. తొమోయె ఏమనుకుందో, తనూ లేచి వెనకే నడిచింది. కజుయో వద్దనలేదు.

ఊరి మైకుల్లో ప్రకటనలు చదివేది ఆఫీసు మూడో అంతస్తులో ఒక చిన్న గదిలోంచి. అద్దం ఇవతల వరండాలో మేమిద్దరం నిలబడ్డాం. కజుయో కూర్చుని, మైకు దగ్గరికి లాక్కుని, రుమాలు ముందు పరిచి చదివింది. చాలా నిదానంగా చదివింది. 'గోధుమరంగు' అని ఆగింది, 'కోటు' అని ఆగింది. అంతంత సేపు ఎందుకు ఆగుతోందో నాకు అర్థంకాలేదు. వరండా కిటికీ తెరిచి ఉంది. ప్రతి మాటా రేవు మీదుగా వెళ్లి, అవతలి కొండకు తగిలి తిరిగి వస్తోంది. అది వచ్చి పోయాకే ఆమె రెండో మాట అంటోంది.

తొమోయె అద్దానికి దగ్గరగా జరిగింది. పెదవులు కదలడం చూశాను. కజుయోతో పాటు ఆ ఆగడాలను లెక్కపెడుతోంది.

రెండోసారి కూడా చదివాక కజుయో బయటికి వచ్చింది. "ఇక్కడ తొందరపడితే ఒక మాట మీద ఇంకో మాట పడిపోతాది. ఎవరికీ ఏమీ అర్థంకాదు. నేర్చుకోడానికి నాకు ఏడాది పట్టింది" అంది. పని ఉందనీ, ఇక వెళ్లమనీ చెప్పింది. మళ్లీ రమ్మని అనలేదు, రావద్దనీ అనలేదు.

మేము ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర ఉండగా మైకులు మళ్లీ పలికాయి. పెద్దాయన దొరికాడనీ, క్షేమంగా ఉన్నాడనీ, వెతికినవాళ్లందరికీ కృతజ్ఞతలనీ చెప్పింది ఆ గొంతు. బంకు కుర్రవాడు పెట్రోలు కొడుతూనే, హమ్మయ్య అన్నాడు. తొమోయె కారులోనే ముఖానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. టోక్యో చేరేదాకా నేను రేడియో పెట్టలేదు.

నేను రాసిన రెండు వాక్యాలు బయటికి వెళ్లలేదు. నిర్మాతలు నా మీద కోపగించారు, ఆమెతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. తామొన్‌కి వేరే గొంతు దొరకదు గనక అంతకంటే ఏమీ చెయ్యలేదు. రగడ రెండు వారాల్లో చల్లారింది. ఈ మధ్య ఒక పత్రికవాళ్లు, ఆ రోజు సరదాకే అలా నొక్కారా అని అడిగితే, కాదు, నేను సహెయ్ లాంటిదాన్నే, ఆ పని చేశాను గనకే తెలుసు అంది. వాళ్లు ఆ మాటను చమత్కారం అనుకుని అచ్చేశారు.

మార్చిలో ఆమె పేరున మా ఆఫీసుకి ఒక పోస్టుకార్డు వచ్చింది. ఉత్తరాలు ముందు నేను చదవాలి, అది నా పని. కుశలప్రశ్నలేమీ లేవు. 'పోయిన గురువారం ఎపిసోడులో మాటల చివరలు మింగేస్తున్నావు. పళ్లు చూపించుకో. కజుయో' అని ఉంది.

తొమోయెకి ఇచ్చాను. చదివి, సంచిలో పెట్టుకుని, బుధవారం రికార్డింగు గంట ఆలస్యంగా పెట్టించమంది. ఎందుకన్నాను. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలంది, కుడివైపు కింది పన్ను నెలరోజులుగా కదులుతోందట.